గుంతకల్లు నుంచి తెచ్చిన చల్లపెట్టె

ఆ ఏడు ధర్మవరంలో ఉగాది నాటికే బావులు అడుగంటాయి. వైశాఖం వచ్చేసరికి కడవ నీళ్లు అణా పెట్టి బండి దగ్గర కొనుక్కోవలసి వచ్చింది. మిట్టమధ్యాహ్నం మగ్గాల చప్పుడు కూడా ఆగిపోయేది. చెమట బొట్టు పడితే పట్టు పాడవుతుందని నేతగాళ్లు పొద్దునా సాయంత్రమే మగ్గం గుంటలో కూర్చునేవాళ్లు.

నబీ రసూల్ ఆ ఊళ్లో కరెంటు పని చేసేవాడు. కొత్తగా దీపాలు పెట్టించుకునే ఇళ్లకు తీగలు లాగేవాడు, కాలిపోయిన ఫ్యాన్లు బాగుచేసేవాడు. ముప్పై అయిదేళ్ల మనిషి. చేతిపని మీద ఊరందరికీ నమ్మకం. పట్టుచీరల వ్యాపారి శ్రీరంగప్ప కబురు పెడితే ఒకరోజు పొద్దున సామాన్ల సంచి భుజాన వేసుకుని వాళ్లింటికి పోయాడు.

శ్రీరంగప్ప రెండేళ్ల కిందట పాత మట్టిమిద్దె పీకించి బండల మిద్దె వేయించాడు. చూడ్డానికి గొప్పగా ఉంది గానీ, ఎండాకాలంలో ఆ ఇల్లు రొట్టెల పెనం. నడిమి గది కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడకను చెదలు సగం తినేశాయి. దాని పక్కనే చాప మీద తడిచీర పరుచుకుని శ్రీరంగప్ప భార్య ఆంజినమ్మ పడుకుని ఉంది. ఆమెకు ఏడో నెల. అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. రెండూ ఎండాకాలంలోనే పోయాయి.

శ్రీరంగప్ప రసూల్‌ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "డాక్టరమ్మ గట్టిగా చెప్పింది రసూలూ. ఈసారి ఒళ్లు వేడెక్కకుండా చూసుకోమనె. ఈ తడక పని అయిపోయింది. దీని తావున ఏం పెడితే బాగుంటాది, ఎంతవుతాది, నువ్వే చెప్పు."

రసూల్ గది పొడుగూ వెడల్పూ కొలిచాడు. స్టూలెక్కి పైబండ మీద అరచెయ్యి ఆనించి, చురుక్కుమంటే వెంటనే తీసేశాడు.

"పైన ఫ్యాను పెడితే నూటరవై. బళ్లారి నుంచి తెప్పియ్యాల. అయితే అన్నా, ఈ బండల కింద ఫ్యాను తిరిగితే పైనుండే నిప్పులగాలి కిందికి తోస్తాది, అంతే. దుడ్లు దండగ."

"మల్ల?"

"కొత్త తడకలు వాకిలికీ కిటికీలకూ కట్టిస్తే నలభై. దినానికి పది కడవలు చల్లాల."

"పది కడవలా! తాగేదానికే లేవప్పా."

"ఇంగ బెంగుళూరులో చల్లపెట్టెలని అమ్ముతాండారు. రేకుపెట్టె. మూడు పక్కల వట్టివేళ్లు, లోపల ఫ్యాను. పైన నీళ్లు పోస్తే గడ్డి గుండా దిగి కింద తట్టలో పడతాయి. ఆ నీళ్లే మళ్ల ముంచి పోయొచ్చు. నాలుగు కడవలు చాలు. ఆరొందల యాభై చెప్తాండారు."

శ్రీరంగప్ప ముఖం ముడుచుకుంది. "వాడింది దొరకదా?"

గుంతకల్లులో తిప్పయ్య అనే కంట్రాక్టరు ఇంట్లో ఒకటి అమ్మకానికి ఉందని రసూల్ రైలుస్టేషన్లో విన్నాడు. ఆ మాటే చెప్పాడు. "నూటయాభై దాటదనుకుంటాన్నా."

చాప మీద నుంచి ఆంజినమ్మ అంది, "ఏదో ఒకటి బిరీన తీసుకురా రసూలన్నా. కడుపులో బిడ్డ ఉడికిపోతాండాది."

మర్నాడే రసూల్ గుంతకల్లు పోయాడు.

తిప్పయ్య బంగళా ఊరి బయట ఉంది. గేటు దాటగానే సాంబ్రాణి, ఫినాయిలు కలిసిన వాసన కొట్టింది. చల్లపెట్టె వెనకవైపు గదిలో ఉందని చెప్పి తిప్పయ్య వసారాలోనే నిలబడిపోయాడు, గదిలోకి రాలేదు. రసూల్ ఒక్కడే పోయి మీట వేసి చూశాడు. ఫ్యాను మెత్తగా తిరిగింది. రేకు ఎక్కడా తుప్పు పట్టలేదు. కొత్తదానితో సమానం.

తిప్పయ్య నూటయాభై అన్నాడు. ఎంత తక్కువకు అడగ్గలిగితే అంతకు అడగడం రసూల్ అలవాటు. "అరవై" అన్నాడు. తిట్టి పంపిస్తాడనుకున్నాడు.

"సరే. ఈ పొద్దే ఎత్తుకపో" అన్నాడు తిప్పయ్య.

లారీ కోసం పెరట్లో ఎదురుచూస్తూ ఉంటే ఇంటి పనిమనిషి తిరుపాలమ్మ దగ్గరికి వచ్చింది. ముసలామె. వసారా వైపు ఒకసారి చూసి, చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఆ గడ్డి కాల్చేయ్ నాయనా. తట్ట పారేయ్. పెట్టె కూడా పారేస్తే మేలు. దుడ్లు ఇచ్చేసినావు, ఏం చెప్పేది."

"ఏమైందమ్మా?"

"పోయిన నెల పెద్దమ్మ చచ్చిపాయ. ఈ తిప్పయ్య అమ్మ. పెద్దకొడుకు వచ్చి నెత్తిన చెయ్యి పెట్టేదాకా నన్ను ఎత్తొద్దండని ఒట్టు పెట్టించుకోని చచ్చింది. ఆయప్ప అస్సాములో యాడనో ఉండాడు. తంతి కొడితే వస్తాండానని జవాబిచ్చినాడు. సరేనని ఐసుగడ్డల మీద పండబెట్టినాము. రెండోనాటికి ఐసు దొరకలే. ఈ పెట్టె తెచ్చి తలాపున పెట్టిరి. నాలుగు దినాలు నాయనా... ఈ ఎండలో."

"పోసేదానికి నీళ్లు?" పనివాడు కాబట్టి రసూల్ నోటికి ముందు ఆ మాటే వచ్చింది.

తిరుపాలమ్మ తన చేతుల వైపు చూసుకుంది. "బాయిలో నీళ్లు యాడుండాయి? ఐసు కరిగి ఆమె కింద చాపలో నిలిచిన నీళ్లుండె. పారేయద్దు, అవే పోయమనె తిప్పయ్య. నేనే ముంచి పోసినా. కింద తట్టలోకి దిగితే మళ్ల ముంచి మళ్ల పోసినా. నాలుగు దినాలు అవే నీళ్లు."

రసూల్ నోట్లో ఊరిన ఉమ్మి పక్కకు తుపుక్కుమని ఊసి, "పెద్దకొడుకు వచ్చినాడా?" అన్నాడు.

"రాలే. కడాకు చాపతోనే చుట్టి తీసుకపోయిరి. చేత్తో ఎత్తుదామంటే... నిలవలే."

అప్పుడే వద్దని చెప్పి దుడ్లు వెనక్కి అడిగి ఉండొచ్చు. అడుగుదామని రెండడుగులు వసారా వైపు వేశాడు కూడా. కానీ శ్రీరంగప్పకు నూటయాభై అని చెప్పి ఉన్నాడు. తొంభై రూపాయలు మిగులుతున్నాయి. గడ్డి మారిస్తే మారిపోయె, రేకుకేం ఉంటుంది, కడిగితే పోతుంది అనుకున్నాడు. చెనిక్కాయలు దించి ఖాళీగా ధర్మవరం పోతున్న లారీలో పెట్టెను ఎక్కించాడు.

తన ఇంటి పెరట్లో దాన్ని విప్పాడు. గడ్డి పొడిగా రాలిపోతుందనుకున్నాడు. రాలలేదు. బంకగా ముద్దకట్టి, లాగితే తీగలు సాగుతూ ఊడింది. కింద తట్టలో పేరిన నెయ్యిలాంటిది తెల్లగా, వేలెడు మందాన అంటుకుని ఉంది. కత్తితో గీకాడు. కత్తికి చుట్టుకుంది. గోళ్ల సందుల్లోకి పోయింది. రెండుసార్లు పక్కకు పోయి వాంతి చేసుకుని వచ్చాడు. ఫ్యాను ఇరుసుకు నెరిసిన వెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంటే పట్టుకుని లాగాడు. మూరెడు వచ్చింది. ఇంకా వస్తూనే ఉంది.

భార్య అమీర్ బీ వంటింటి గడప దాటి రాలేదు. "ఏం తెచ్చినావయ్యా ఇది? ఆ వాసనేంది? పారేసి రా."

"రైలు పెట్టెలో ఎలక చచ్చినట్టుండాది. కడిగితే పోతాది" అని అబద్ధం చెప్పాడు. అది రైల్లో రాలేదన్న సంగతి కూడా అప్పుడతనికి గుర్తు లేదు.

బూడిదతో తోమాడు. చింతపండు పులుసుతో తోమాడు. ఫినాయిలు పోశాడు. రెండు రోజులు ఎండలో పెట్టాడు. తట్ట కొత్తది చేయించి, పచ్చరంగు పూసి, కొత్త వట్టివేళ్లు కట్టాడు. శ్రీరంగప్ప ఇంట్లో కిటికీకి బిగించి మీట వేస్తే, వాన పడి వెలిసిన నేల మీద నుంచి వచ్చినట్టు గాలి వచ్చింది. ఆంజినమ్మ కళ్లు మూసుకుని ఎన్నాళ్లకో నవ్వింది. శ్రీరంగప్ప నూటయాభై రూపాయలు అతని చేతిలో పెట్టి, పైగా భోజనం చేసి పొమ్మన్నాడు. రసూల్‌కు ముద్ద మింగుడు పడలేదు.

మూడు రోజులు ఏమీ లేదు.

అయిదో రోజు పన్నెండు దాటాక శ్రీరంగప్పే నడుచుకుంటూ వచ్చాడు. నెత్తిన తుండుగుడ్డ కూడా లేదు.

"వాసనొస్తాండాది రసూలూ. గడ్డి కుళ్లిందేమో చూడు. ఇంకోటి... నాలుగు కడవలు చాలంటివి. నిన్న పద్దెనిమిది పోసినాము. కింద తట్టలో చుక్క నిలవడం లే. నేల తడవడం లే. ఆ నీళ్లన్నీ యాడికి పోతాండాయి?"

"ఆపి చూడలేదా అన్నా?"

"మా ఆడమనిషి ఆపనియ్యడం లే" అన్నాడు శ్రీరంగప్ప. ఆ మాట అంటూ రసూల్ ముఖంలోకి చూడలేదు.

వీధిలో పిట్ట లేదు, మనిషి లేడు. తలుపులన్నీ వేసి ఉన్నాయి. శ్రీరంగప్ప ఇంట్లో వడగాలి రాకుండా సందులకు గోనెపట్టాలు కుక్కారు, అందుకని నడిమి గది మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగా ఉంది. బయట ఎండలోంచి వచ్చిన కళ్లకు ముందు ఏమీ కనిపించలేదు. ఫ్యాను గరగర మాత్రం వినబడింది. గడప దగ్గర వట్టివేళ్ల వాసన. ఒక్క అడుగు లోపలికి వేస్తే, దాని అడుగున ఇంకోటి. తియ్యగా, బరువుగా, మగ్గి మగ్గి పగిలిన సీతాఫలంలా. ముక్కుకు గుడ్డ పెట్టుకున్నా అది నాలుక మీద తగిలింది. రసూల్‌కు ఆ వాసన తెలుసు. తన గోళ్ల సందుల్లోది.

కళ్లు కుదురుకున్నాక ఆంజినమ్మ కనిపించింది. అంత పెద్ద చాపలో ఒక అంచుకు ఒదిగి పడుకుని ఉంది, పక్కన ఇంకొకరికి చోటు ఇచ్చినట్టు. పెదాలు పగిలి ఉన్నాయి. జుట్టు మాత్రం తడిగా ఉంది.

"ఒక్క నిమిషం ఆపి చూస్తానమ్మా" అన్నాడు రసూల్.

"ఆపద్దన్నా." గుసగుసగా అంది. "ఆపితే ఆమె లేస్తాది."

"ఎవరు?"

"ఈడ పండుకోనుండే ఆమె. గాలి వస్తాన్నంత సేపు కదలదు. దాహం, దాహం అంటాంటాది. పోస్తే ఊరకుంటాది."

గడపలో నిలబడ్డ శ్రీరంగప్ప ఏడుపు ఆపుకుంటూ, "చూస్తివా, ఇదీ వరస. కడవలు ఖాళీ అయినాయి. బండి దగ్గర నీళ్లు తెస్తా, నువ్వు ఆ గడ్డి సంగతి చూడు" అని బయటికి పోయాడు.

రసూల్ గడ్డి మీద చెయ్యి వేశాడు. అయిదు రోజుల కిందట తను కట్టిన బంగారురంగు వేళ్లు నల్లబడి ఉన్నాయి. నానిన తోలులా మెత్తగా ఉన్నాయి. చేతివేళ్లు లోపలికి దిగబడ్డాయి. ఈగలు వందల కొద్దీ దాని మీద వాలి ఉన్నాయి. ఒక్కటీ ఎగరలేదు.

మీట మీద చెయ్యి పెట్టాడు. ఆపాలా వద్దా అని తటపటాయించాడు. ఆ పని అతను చేయనే లేదు...

కరెంటు పోయింది.

గర్... గర్... గర్... ఫ్యాను నెమ్మదించింది. ఆగింది.

ఆంజినమ్మ ఊపిరి బిగబట్టింది. గదిలో ఏ చప్పుడూ లేదు. వీధి లేనట్టు, ఊరు లేనట్టు. తర్వాత... చాప ఖాళీ సగంలో ఏదో నల్లగా ఊరసాగింది. తడి. తల ఉండే చోట మొదలై, భుజాల వెడల్పున, కాళ్ల దాకా. చాప కిందికి అణిగింది. ఆ తర్వాత ఒక చప్పుడు వచ్చింది. అంటుకుపోయినది ఊడి వస్తున్న చప్పుడు. చాపకు చర్మం అంటుకుని... కొంచెం కొంచెంగా... ఊడి వస్తున్నట్టు.

లేచి కూర్చుంది.

ముఖం కనిపించలేదు. ముందుకు పడ్డ జుట్టు కనిపించింది. దాని కొసల నుంచి బొట్లు కారుతున్నాయి, చిక్కగా, తొందర లేకుండా.

"ఆపినారా..." అంది. నీళ్లలోంచి వచ్చినట్టుంది గొంతు. "పెద్దోడు... వచ్చినాడా?"

వాకిలి మూడడుగుల దూరంలో ఉంది. పారిపోదామని రసూల్ కాళ్లు అటు తిరిగాయి కూడా.

అది మెల్లగా ఆంజినమ్మ వైపు వంగింది. పొట్ట మీద చీర అణిగింది. ఒక చోట... అయిదు చోట్ల. తడి పాకింది. ఆంజినమ్మ నోరు తెరిచింది గానీ కేక రాలేదు.

"ఈడుండాడా?" అంది అది, పొట్ట తడుముతూ. "నా బిడ్డను ఈడ దాచిపెట్టినారా?"

చీర ఇంకొంచెం లోపలికి అణిగింది. ఆంజినమ్మ కళ్లు రసూల్ మీదే ఉన్నాయి. ఏదో ఒకటి తీసుకురమ్మని అడిగిన మనిషి. తను తెచ్చింది ఇది. తెలిసి తెచ్చాడు.

"అమ్మా," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఆడ లేనమ్మా. ఈడుండా. నేనే... వచ్చినా."

జుట్టు అతని వైపు తిరిగింది.

"నెత్తిన చెయ్యి పెట్టు" అంది.

రసూల్ మోకాళ్ల మీద వంగాడు. కళ్లు మూసుకుని కుడిచెయ్యి చాచాడు. చల్లగా తగిలింది. తగిలి, ఆగలేదు. పండిన పండులోకి దిగినట్టు వేళ్లు దిగాయి. జుట్టు కుదుళ్లతో సహా అరచేతికి వచ్చేసింది. ఏదో వెచ్చనిది మణికట్టు మీదుగా మోచేతికి కారింది. గొంతులోకి వచ్చిన వాంతిని అతను పళ్లు బిగించి మింగాడు. చెయ్యి తీయలేదు. తీస్తే అది మళ్లీ ఆ పొట్ట వైపు తిరుగుతుందని తెలుసు.

"ఆలస్యమైందమ్మా" అన్నాడు. ఎందుకన్నాడో తెలియదు.

"ఊఁ" అంది.

చేతి కింద ఏమీ లేకుండా పోయి, చెయ్యి నేలకు తగిలింది. చాప పొడిగా ఉంది. కరెంటు వచ్చి ఫ్యాను గర్రుమనగానే రసూల్ తీగను గోడలోంచి పెరికేశాడు. అప్పుడు కేక వేసింది ఆంజినమ్మ.

ఆ సాయంత్రమే పెట్టెను బండికెత్తించి, నీటి చుక్క లేని చిత్రావతి ఇసుకలోకి తీసుకుపోయాడు. గడ్డికి కిరసనాయిలు పోసి అంటించాడు. అది గడ్డి కాలినట్టు కాలలేదు. చిటపటమంటూ, కొవ్వు కరిగినట్టు కరిగి కాలింది. ఆ పొగకు బండి ఎద్దులు తాళ్లు తెంపుకున్నాయి. రేకును సుత్తితో అణగగొట్టి నిలువెత్తు గుంతలో పూడ్చాడు.

పొద్దు గుంకాక శ్రీరంగప్ప దగ్గరికి పోయి, తిరుపాలమ్మ చెప్పింది, తను దాచింది, తను తిన్న తొంభై, అంతా చెప్పాడు. నూటయాభై అతని కాళ్ల దగ్గర పెట్టాడు. శ్రీరంగప్ప కొడతాడనుకున్నాడు. కొట్టలేదు. ఆయన ఆ నోట్ల వైపు అసహ్యంగా చూశాడు, ముట్టుకోకుండా.

"తడకలు కట్టు" అన్నాడు.

రసూల్ తడకలు కట్టాడు. నీళ్లు కూడా తనే తెచ్చాడు. రెండు మైళ్ల అవతల తోట బావి నుంచి సైకిలుకు కడవలు కట్టుకుని రోజుకు పది, నెల దాటినా మానలేదు. తొలకరి పడిన వారానికి ఆంజినమ్మకు ఆడపిల్ల పుట్టింది. బలంగా, ఎర్రగా, వీధంతా వినబడేలా ఏడ్చే పిల్ల. ఆ మధ్యాహ్నం సంగతి ఆంజినమ్మకు ఏమీ గుర్తు లేదు. రసూలన్నా అని ఎప్పటిలాగే పిలిచింది, పిల్లను ఎత్తుకోమని ఇచ్చింది. రసూల్ ఎడమచేత్తో ఎత్తుకున్నాడు. ఇంటికి వస్తూ దారిలో ఏడ్చాడు. ఇన్నాళ్లకు గుండెలో బరువు దిగిందనుకున్నాడు.

ఆ రోజు పొద్దున్నించి ఏమీ తినలేదు. ఇంట్లో అమీర్ బీ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. సంగటి వడ్డించి మూతపెట్టినానని చెప్పింది. రసూల్ ముందు ఒక నిమిషం నడుం వాలుద్దామని చాప మీద ఒరిగాడు. అలసిపోయి ఉన్నాడేమో, కన్ను అంటుకుంది.

లేచేసరికి ఎండ వాకిట్లోకి వచ్చింది. కంచం దగ్గర కూర్చుని మూత తీశాడు.

"అమీరూ," అని పిలిచాడు. "ఎవరికి చేసినావు ఈ ముద్దలు?"

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి కంచంలోకి తొంగిచూసింది. సంగటి ఒకే ముద్దగా లేదు. కంచం అంచు చుట్టూ ఏడు చిన్న ముద్దలు వరసగా పేర్చి ఉన్నాయి. పాలపళ్లు వచ్చే పిల్లలకు తల్లులు చేసి పెట్టేంత. ఒక్కొక్కటీ నున్నగా, తడితడిగా మెరుస్తోంది. వరసలో ఎనిమిదో చోట ముద్ద లేదు, దాని తడి, ఆ తడిలో నెరిసిన వెంట్రుక ఒకటి మాత్రం ఉన్నాయి.

"నేను ఒకే ముద్ద గుండ్రంగా పెట్టినా" అంది అమీర్ బీ. "ఎవరూ రాలేదే ఇంట్లోకి! నువ్వు ముట్టుకోలేదా?"

"లేదు. ఇప్పుడే కదా మూత తీసినా."

ఆమె కంచం మీద నుంచి కళ్లెత్తి అతని ముఖం వైపు చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"అయితే... ఏంది నములుతాండావు?"

రసూల్ దవడ అప్పుడు ఆగింది.